మూడో రాత్రి

క్యాలెండరు కాగితాలతో అట్టలు వేసిన నాలుగు నోటుపుస్తకాలు మొన్న మాఘమాసంలో తెచ్చి నా మంచం మీద పెట్టి, "సార్, దీనికి మీరు ముందుమాట రాయాల" అంది ఈ పుస్తకం రాసిన అమ్మాయి. కోయిలకుంట్లలో మా వీధి పిల్ల, నా దగ్గర తెలుగు చదువుకున్న పిల్ల. తర్వాత నర్సింగు చేసి, పద్దెనిమిదేళ్లుగా మందు మానిపించే వార్డుల్లో పనిచేస్తోంది. అందులో ఎక్కువ భాగం రాత్రి డ్యూటీలే. నేను వెనకాడాను. సంధులు, సమాసాలు చెప్పుకుని బతికినవాణ్ణి, వైద్యం పుస్తకానికి నేనేం రాస్తానమ్మా, ఎవరైనా పెద్ద డాక్టరుతో రాయించుకో అన్నాను. "డాక్టర్లు తప్పులు దిద్ది ఇచ్చినారు సార్. ముందుమాట మాత్రం మీదే కావాల. చిన్నాయన సంగతి నాకు తెలుసు" అంది.

చిన్నాయన అంటే నా తమ్ముడు. వాడి సంగతి చెప్పకుండా ఈ పుస్తకం విలువ నేను చెప్పలేను.

1995 జనవరి 16. సంక్రాంతి వెళ్లీవెళ్లగానే రాష్ట్రమంతటా సంపూర్ణ మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. సారా అప్పటికే పోయింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో రాజేసిన నిప్పు 1993 అక్టోబరు 1 నాటికి రాష్ట్రంలో సారా దుకాణాలన్నీ మూయించింది. మిగిలిన బ్రాంది షాపులకు 1995 జనవరిలో తాళాలు పడ్డాయి. తర్వాత తర్వాత దొంగసరుకు దిగింది, నాటుసారా బట్టీలు లేచాయి, 1997లో నిషేధాన్నే సడలించారు. అదంతా వేరే కథ. ఆ మొదటి వారం మాత్రం మా వీధిలో మగవాళ్లకు చుక్క దొరకలేదు. రోజూ తాగే మనుషులంతా ఇష్టంతో పనిలేకుండా ఒకే రోజున మానేశారు.

మా ఇంట్లో అలా మానినవాళ్లు ఇద్దరు. నా తమ్ముడు, నా బావమరిది. ఇద్దరిదీ ఒకే ఈడు. పగలంతా ఒకే శనగచేలో పని, పొద్దుగూకితే ఒకే సీసా. బావమరిది నోరున్న మనిషి. మానిన మర్నాటికల్లా ఇల్లు పీకి పందిరేశాడు. "నరాలు పీకుతాండాయి, గుండె గొంతులోకి వచ్చాంది, నేను సచ్చిపోతాండా, నన్ను యాడికన్నా తీసకపోండి" అని కేకలు. మా ఆవిడ కాళ్లు పట్టింది, మా అత్తగారు తల పట్టింది. చివరికి ఊళ్లో వైద్యం చేసే ఒకాయనను పిలుచుకొచ్చి సూది వేయించి, ఆ సాయంత్రమే బస్సెక్కించి ఆసుపత్రిలో చేర్చాం. పది రోజులకు లేచి తిరిగాడు. ఇప్పటికీ ఉన్నాడు, డెబ్బై దాటాయి.

నా తమ్ముడు ఒక్క మాట అనలేదు. అడిగితే "ఏం లేదన్నా, బాగనే ఉండా" అన్నాడు. అన్నం వద్దన్నాడు, సంగటి ముద్ద తింటానన్నాడు. మూడు రోజులూ ఒకే చొక్కా వేసుకుని ఉన్నాడు. చెమటతో తడిసి, ఆరి, మళ్లీ తడిసిన చొక్కా. మార్చుకోరా అంటే చలిగా ఉందన్నాడు. రెండో రోజు పొద్దున పెదవి మీద నెత్తురు కనపడితే, నిద్రలో నాలుక కొరుక్కున్నానన్నాడు. వాడిది గట్టి ప్రాణమని ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నాం. బావమరిదికి వాణ్ణి చూపించి "చూసి నేర్చుకో" అన్నది నేనే.

మూడో రాత్రి వాడు దుప్పటి మీద లేని శనగకాయలు ఏరడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కటే రెండు వేళ్లతో పట్టుకుని పక్కన పోస్తున్నాడు. పదేళ్ల క్రితం పోయిన మా నాయనతో మాట్లాడాడు, ఎద్దులను అదిలించాడు. ఒళ్లు కాలిపోతోంది. గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించాం, మంత్రించిన నీళ్లు చల్లించాం. తెల్లవారాక జీపు మాట్లాడుకుని నంద్యాలకు బయల్దేరాం. దారిలోనే వాడు పోయాడు.

ఈ పుస్తకం మూడో అధ్యాయంలో ఆ అమ్మాయి మామూలు మాటల్లో రాసిన రెండు సంగతులు ముప్పై ఏళ్ల తర్వాత నాకు మా ఇంటి లెక్క తేల్చాయి. చేతులు బాగా వణికేవాడు గుండీలు విప్పుకోలేడు కాబట్టి చొక్కా మార్చడు. రాత్రి ఫిట్స్ వచ్చినవాడి నాలుక పక్క అంచున తెగి ఉంటుంది. అన్నం మెతుకులు వేళ్లలో నిలవవు కాబట్టి ముద్ద అడిగాడని నేనే అర్థం చేసుకున్నాను. నా తమ్ముడు ఏమీ దాచలేదు. అన్నీ చెప్పాడు, నోటితో తప్ప.

ఈ పుస్తకం చెప్పేది ఇదే. మందు మానినప్పుడు ఒంట్లో జరిగేది అందరికీ ఇంచుమించు ఒకటే. దాన్ని ఎవరు ఎలా మోస్తారు, ఏ మాటలో చెప్తారు, ఎవరికి చెప్తారు, అసలు చెప్తారా లేదా అన్నది మనిషి మనిషికీ మారుతుంది. ఆ తేడా తెలియనివాళ్లు అరిచేవాడికి వైద్యం చేయిస్తారు, ఊరుకున్నవాణ్ణి పోగొట్టుకుంటారు.

ఒంట్లో జరిగేదాన్ని ఆమె చక్కగా విప్పి చెప్పింది. మద్యం మెదడును అణిచే పదార్థం. ఏళ్ల తరబడి రోజూ అణుస్తుంటే మెదడు ఎదురు తన్నడం నేర్చుకుంటుంది. నెమ్మది పరిచే గాబా పని తగ్గుతుంది, ఉరకలెత్తించే గ్లుటమేట్ పని పెరుగుతుంది. అణిచే చేయి ఒక్కసారిగా తీసేస్తే ఆ ఎదురుతన్ను మాత్రం మిగిలిపోతుంది. ఆఖరి గుక్క తాగిన ఆరేడు గంటల నుంచి వణుకు, చెమట, వికారం, నిద్రలేమి. మొదటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్. రెండో రోజు దాటి నాలుగో రోజు లోపల కొందరికి జ్వరం, గుండెదడ, లేనివి కనపడటం. డాక్టర్లు దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. ప్రాణం తీసే స్థితి అది. డయజెపామ్, లోరాజెపామ్ లాంటి మందులు కొలతగా ఇచ్చి మెల్లగా తగ్గిస్తూ, బి1 విటమిన్ ఎక్కిస్తూ కనిపెట్టుకుని ఉంటే చాలామంది గట్టెక్కుతారు. ఎంత తాగాడు, ఎన్నేళ్లు తాగాడు, ఇంతకుముందు ఎన్నిసార్లు మాని మళ్లీ పట్టాడు, కాలేయం ఎలా ఉంది, తిండి ఎలా ఉంది అన్నవే ఈ బాధ తీవ్రతను ప్రధానంగా నిర్ణయిస్తాయి. మానిన ప్రతిసారీ ముందటిసారి కంటే గట్టిగా తగలవచ్చు. ధైర్యవంతుడైనా పిరికివాడైనా ఫిట్స్‌కు ఒకటే. ఈ మాట ఆమె పుస్తకంలో నాలుగు చోట్ల చెప్పింది. ఎక్కువైందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇక గుణం పని చేసేది ఎక్కడ? వార్డుల్లో సివా అనే కొలబద్ద వాడతారట. పది అంశాలు, 67 మార్కులు. వణుకు, చెమట నర్సు కళ్లతో చూసి వేసే మార్కులు. వికారం, ఆందోళన, తలనొప్పి, ఒంటి మీద పురుగులు పాకినట్టుండటం, ఏవో గొంతులు వినపడటం, వీటికి చాలా వరకు రోగి నోటి మాటే ఆధారం. నోరున్నవాడికి మార్కులు ఎక్కువ పడతాయి, మింగేవాడికి తక్కువ పడతాయి. ఏళ్ల తరబడి పిల్లలకు మార్కులు వేసినవాణ్ణి కాబట్టి ఇది నాకు సూటిగా తగిలింది. చేయెత్తిన పిల్లవాడి మీదే చూపు నిలిపి, వెనక బెంచీలో తల వంచుకున్నవాడికి పాఠం వచ్చిందనే అనుకుని ఎన్ని గంటలు గడిపానో.

అలాంటివాణ్ణి "ఎట్లుంది?" అని అడగొద్దంటుంది ఆమె. నిండా నీళ్లు పోసిన స్టీలు గ్లాసు ఇచ్చి చూడమంటుంది. గ్లాసు అంచు పళ్లకు తగిలి టకటకమంటే చాలు. పేరు రాయమను, గుండీ పెట్టుకోమను, చేతులు ముందుకు చాచమను, రాత్రి ఎన్నిసార్లు లేచాడో ఇల్లాలిని అడుగు. ఈ రెండు పేజీలను విడిగా అచ్చు వేసి రేనాటి ప్రతి ఊళ్లో గోడకు అతికించాలని నాకుంది.

రేనాడు అని ఎందుకన్నానంటే, మాది పౌరుషం పేరు చెప్పుకునే సీమ. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న ఇదే ఊళ్లో ఆయనను ఉరితీసి, తలను కోట గుమ్మానికి ముప్పై ఏళ్లు వేలాడదీశారు. ఆ కథ వింటూ పెరిగిన మగపిల్లలం మేము. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది. కానీ తెల్లవాడికి తల వంచకపోవడం వేరు, డాక్టరు ముందు "నాకు భయమేస్తాంది" అనలేకపోవడం వేరు. ఆ రెంటినీ కలిపేసి మగతనమని మా పిల్లలకు నేర్పాం. మా తమ్ముడు చిన్నప్పుడు ఏడిస్తే మా నాయన ఇంకో దెబ్బ వేసేవాడు, ఏడుపు మానేదాకా. వాడి మౌనం పుట్టుగుణమో, ఆ దెబ్బలు నేర్పిందో నేను చెప్పలేను. గుణమని మనం అనేదాంట్లో సగం ఇల్లు పెట్టిన భిక్షే.

ఆమె తన రోగులను నాలుగు తీరులుగా చెప్పింది. కక్కేవాడు, మింగేవాడు, ఉరికేవాడు, లెక్కపెట్టేవాడు. పేర్లు వార్డులో ఆయాలు పెట్టినవట. కెనడాలో షెర్రీ స్టివార్ట్, ప్యాట్రీషియా కాన్‌రాడ్ అనే మనస్తత్వవేత్తలు తాగుడుకు దారితీసే గుణాలుగా నాలుగింటిని గుర్తించారు: నిరాశ, తన ఒంట్లో పుట్టే దడను చూసి తానే భయపడటం, దుడుకుతనం, కొత్త ఉద్వేగాల కోసం వెంపర్లాట. ఆయాల లెక్క వాళ్ల లెక్కతో సరిగ్గా సరిపోదు. సరిపోకపోవడమే మంచిదనిపించింది నాకు, ఎందుకంటే ఇవి మన వాకిళ్లలో కనపడే మనుషుల తీరులు.

కక్కేవాడి సంగతి మా బావమరిది రూపంలో చెప్పేశాను. మానినందువల్ల గుండె వేగంగా కొట్టుకుంటుంది, అది చూసి అతను బెదురుతాడు, బెదిరితే ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. ఇది నాలుగైదు రోజుల ముచ్చట, దీనికి మందుంది అని పక్కన కూర్చుని చెప్పడమే అతనికి సగం వైద్యం. ఉరికేవాడు ఐదో రోజుకల్లా "నాకేం రోగం లేదు, ఇంటికి పోతా" అంటాడు. అతనికి వణుకుతో తంటా లేదు, సాయంత్రం ఆరు గంటలతో తంటా. ఆ గంటకు చేతికి పని, పక్కన మనుషులు లేకపోతే కాళ్లు వాటంతటవే బెల్టు షాపు వైపు నడుస్తాయి.

లెక్కపెట్టేవాడి గురించిన అధ్యాయం ఈ పుస్తకంలో నాకు అన్నింటికంటే నచ్చింది. మన ఊళ్లలో మందు మానిపించే పెద్ద వైద్యశాల అయ్యప్ప మాల. కార్తీకంలో మాల వేసుకుని, నలభై ఒక్క రోజులు చన్నీటి స్నానం, ఒక పూట భోజనం, నేల మీద పడక. చుక్క ముట్టడు. అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలం ఉంతకల్లులో పాండురంగడి మాల వేసుకుంటే తాగుడు పోతుందని ఏకాదశికి జనం బస్సులు కట్టించుకుని పోతారు. చదువుకున్నవాళ్లు కొందరు దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేస్తారు. ఈమె కొట్టిపారేయలేదు. నియమం అంటే ప్రాణమిచ్చే మనిషికి మాల నిజంగానే పట్టుకొమ్మ అంటుంది. తోటి స్వాములు, ఇంట్లో గౌరవం, రోజుకో లెక్క, ఇవన్నీ అతని గుణానికి సరిగ్గా అతుకుతాయి. అయితే రెండు హెచ్చరికలు చేసింది. రోజూ పొద్దున్నే మందు పడితే తప్ప చెయ్యి నిలవని మనిషి డాక్టరును చూడకుండా మాల వేసుకుంటే, ఆ మూడో రాత్రి పీఠం ముందే వస్తుంది. చెమటను, వణుకును స్వామి పూనకమని దండం పెట్టుకున్న ఇల్లు ఒకదాన్ని ఆమె చూసింది. రెండోది, నలభై రెండో రోజు. అలాంటి మనిషి ఎన్నడో ఒక పెళ్లిలో ఒక్క గ్లాసు తాగాడనుకోండి. వ్రతం చెడ్డా ఫలం దక్కాలనే లోకంలో, అతను మాత్రం వ్రతం చెడిందంటే అంతా చెడిందనుకుంటాడు. సిగ్గుతో మర్నాడు సీసా ఎత్తుతాడు. అమెరికా మనస్తత్వవేత్త అలన్ మార్లట్ 1980లలో ఈ పోకడ మీద విస్తారంగా రాశారు. తడబడటం వేరు, పడిపోవడం వేరు అని ముందే చెప్పి ఉంచాల్సింది ఈ నిష్ఠాపరులకే.

మింగేవాడికి వణుకు తగ్గాక అసలు కష్టం మొదలవుతుంది. ఫిట్స్ లేవు, జ్వరం లేదు, ఇంట్లో అందరూ గండం గడిచిందనుకుంటారు. అతనికి నెలల తరబడి నిద్ర పట్టదు, తిన్నది రుచించదు, మనవణ్ణి ఎత్తుకున్నా మనసు కదలదు. మానిన తర్వాత మెదడు మళ్లీ సర్దుకోవడానికి పట్టే కాలం అది. దీన్ని ఎవరూ చెప్పకపోతే, మానడం అంటే ఇంతే కాబోలు, బతుకంతా ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంటాడు. 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాల్లో లేచి తన కథ చెప్పుకోవడం ఎందరినో నిలబెట్టింది. నలుగురిలో నోరు తెరవలేనివాడు అక్కడ కూడా చివరి కుర్చీలో మిగిలిపోతాడేమోనని ఈమె భయం. అలాంటివాణ్ణి మాట్లాడమనకుండా కుర్చీలు వేసే పని, టీ పోసే పని ఇవ్వమంటుంది. మంచి ఉపాయం.

ఒక చోట నాకు ఈ పుస్తకంతో పేచీ ఉంది. నాలుగు తీరులు చదివాక పాఠకుడు తన ఇంటి మనిషిని వెంటనే ఒక గూట్లో పడేస్తాడు. మానిన మొదటి వారాల్లో కనపడే గుణం చాలావరకు మనిషిది కాదు, దిగుతున్న మందుది. బెంబేలుపడ్డవాడు నెల తిరిగేసరికి నిబ్బరంగా ఉండవచ్చు, చిరచిరలాడినవాడు మెత్తబడవచ్చు. ఈ సంగతి ఆమెకు తెలుసు, రాసింది కూడా, కానీ ఎనిమిదో అధ్యాయంలో రాసింది. మొదటి పేజీలో ఉండాల్సిన మాట. ఇంకొకటి, తాగుబోతు గుణం అనేది ఒకటుందని లోకం నమ్ముతుంది. అలాంటి ఒకే ఒక గుణం లేదు. జెల్లినెక్ 1960లో తాగేవాళ్లను గ్రీకు అక్షరాలతో ఐదు రకాలన్నాడు, తర్వాత క్లోనింజర్ రెండు రకాలన్నాడు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే చరక సంహిత చికిత్సాస్థానం 24వ అధ్యాయం మదాత్యయాన్ని వాత, పిత్త, కఫ భేదాలతో విడదీసి వేర్వేరు చికిత్సలు చెప్పింది. ఇన్ని విభజనలు వచ్చాయంటేనే మనిషి ఏ గూట్లోనూ పూర్తిగా ఇమడలేదని అర్థం. ఈ మాట ఆమెతో అన్నాను. "రెండో ముద్రణలో మారుస్తా సార్" అంది. మారుస్తుందని నాకు నమ్మకముంది.

ఆడవాళ్ల మాట కూడా చెప్పాలి. తాగే ఆడవాళ్లు ఈ పుస్తకంలో ఇద్దరే కనపడతారు. వార్డు దాకా వచ్చింది వాళ్లిద్దరే గనక. మిగతావాళ్లు ఎక్కడున్నారో వెతికే పుస్తకం ఇంకొకటి ఆమె రాయాలి. తాగని ఆడవాళ్లు మాత్రం ప్రతి పేజీలో ఉన్నారు. భర్తను తాగుడుకు పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో చికిత్సా కేంద్రం తెరిచినప్పుడు, రోగితో పాటు ఇంటివాళ్లకు కూడా అక్కడ చోటిచ్చారు. ఆ దారినే ఈమె నడిచింది. రోగి గుణం నర్సు కంటే ముందు ఇల్లాలికి తెలుసు, ఆమెను గుమ్మం బయట కూర్చోబెట్టి కేసు షీటు నింపడం తప్పని గట్టిగా రాసింది.

1995 మళ్లీ రాదని అనుకున్నాను. 2020 మార్చి 25న దేశమంతా తలుపులు మూసినప్పుడు మళ్లీ వచ్చింది. హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి కల్తీ కల్లు దొరకని మనుషులు వణుకుతూ, ఫిట్స్‌తో బారులు తీరారు. ఆ జులై చివర మన నంద్యాల–గుంటూరు రైలు దారిలోనే ఉన్న కురిచేడులో, మందు దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. వాళ్లను బుద్ధిలేనివాళ్లని తిట్టినవాళ్లే ఎక్కువ. ఈ అమ్మాయి ఆ వారాల్లో రోజూ వార్డులో ఉంది, ఎవరినీ తిట్టలేదు. నోటుపుస్తకాల్లో నాలుగోది ఆ రోజులదే. అందులో కొన్ని పేజీల్లో అక్షరాలు వంకర పోయాయి. నిద్ర లేక తూగుతూ రాసిన అక్షరాలు. అచ్చులో అవి మీకు కనపడవు కాబట్టి చెప్తున్నాను.

నా శిష్యురాలి తెలుగు నిండుగా ఉంది. పత్రికల భాష కోసం పాకులాడలేదు. రోగి "పీకుతాంది" అంటే "పీకుతాంది" అనే రాసింది. అమ్మా, నీ చేతిలో ఈ కలం ఇంకా చాలాకాలం ఆడాలి. నీకు నా ఆశీస్సులు.

ఇక చదివేవాళ్లకు నా విన్నపం. మీ ఇంట్లో రోజూ తాగే మనిషి రేపటి నుంచి మానేస్తానంటే, సంతోషించి ఊరుకోకండి. ఆ పూటే దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోండి. ఎక్కడికి పోవాలో తెలియకపోతే 14446కు గానీ 14416కు గానీ ఫోన్ చేయండి. మానినవాడు అరిస్తే వినండి. ఏమీ అనకపోతే అతని చొక్కా గుండీల వైపు చూడండి. మూడో రాత్రి ఇంట్లో ఒకరైనా మేలుకుని అతని పక్కన కూర్చోండి.

కోయిలకుంట్ల